తిఫ్లిస్‌కు రానివాళ్లు

గోథా
ఏప్రిల్ రెండో వారం

విక్రాంత్‌కు,

కాగితం మీద రాస్తున్నానని ఆశ్చర్యపోకు. పోయిన నెల వాట్సాప్‌లో నీకు రాసిన రెండు వాక్యాలు సాయంత్రానికల్లా మ్యూనిక్ చేరాయి, తెల్లారేసరికి ఫ్రాంక్‌ఫర్ట్ చేరాయి. నువ్వు పంపలేదంటున్నావు, ఎవరో నీ ఫోన్ చూసి ఫోటో తీశారంటున్నావు. నమ్ముతాను. కానీ ఇకమీదట సంఘం సంగతులు మనిద్దరి మధ్య పోస్టులోనే నడవాలి. ఇక్కడి పోస్టు ఎంత నెమ్మదిగా నడిచినా స్క్రీన్‌షాట్ తీయదు.

నా సంగతి చెప్తాను. ఇక్కడి లైబ్రరీ నాకు మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. నెల నెలా జీతం వస్తుంది. పని పాతదే, ఎరెక్లె అనే రాజు మీద పుస్తకం. జీగెన్ వంటింట్లో నువ్వు ఉల్లిపాయలు తరుగుతుంటే చాలాసార్లు చెప్పాను, నువ్వు వినలేదు. జార్జియాలో కార్త్లి-కఖేతి అని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజధాని తిఫ్లిస్, ఇప్పటి త్బిలిసీ. దక్షిణాన ఇరాన్, పడమట తుర్కులు, ఉత్తరాన రష్యా. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగమంతా దాని రాజు ఎరెక్లె. కుర్రతనంలో ఇతను నాదిర్ షా సైన్యంలో చేరి మన దేశానికి కూడా వచ్చాడు. మన మొదటి నిజాం షాతో బేరాలాడిన ఆ దండయాత్రలో ఇతను జార్జియన్ దళాన్ని నడిపాడు. నల్గొండలో నాన్నకు ఫోన్ చేసి చెబితే, "అట్లయితే మనోడే" అన్నారు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన ఖుత్బుద్దీన్ మాస్టారికి ఢిల్లీ దాకా వచ్చిన ప్రతివాడూ మనోడే.

పుస్తకాలు ఇతన్ని వీరుడంటాయి. నేను కాగితాలు చూస్తున్నాను. షా పంపిన ఖిలాత్ తొడుక్కున్నాడు. రష్యా రాణి పంపిన రాజవస్త్రమూ తొడుక్కున్నాడు. ఖిలాత్ అంటే గౌరవం కోసం కప్పే అంగీ. గౌరవం అని పేరే గానీ దాని అర్థం ఒక్కటే. కప్పినవాడు పైవాడు, కప్పించుకున్నవాడు కిందివాడు.

ఫిబ్రవరిలో మ్యూనిక్ వేదిక మీద శశికాంత్ గారు నీకు శాలువా కప్పుతున్న ఫోటో చూశాను. ఉగాదికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో లక్ష్మణరావు గారు ఇంకొకటి కప్పారని కావ్యశ్రీ చెప్పింది. రెండు పెద్ద తెలుగు సంస్థల పెద్దలు, ఆ ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పలకరు. నువ్వు నలభై మంది విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడివి. నీకు ఎన్ని భుజాలు?

ఫర్హా


జీగెన్
ఏప్రిల్ చివర

ఫర్హా అక్కకు,

కాంట్రాక్టు వచ్చినందుకు సంతోషం. మనవాళ్లలో నెల నెలా జీతం అందుకునే మొదటి చరిత్రకారిణివి నువ్వే అయి ఉంటావు.

భుజాలు రెండే. అవసరాలు ఎక్కువ. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు అద్దెకు తీసుకున్న ఫ్లాట్ ఇంకా సంఘం పేరు మీదే ఉంది. సెప్టెంబర్‌లో కొత్తగా దిగే పిల్లలు రూము దొరికేదాకా అక్కడే పడుకుంటారు. ఆ అడ్రస్‌తోనే అన్‌మెల్డుంగ్ చేసుకుంటారు. నువ్వూ అట్లనే చేసుకున్నావు. ఊళ్లో ఉంటున్నట్టు నమోదు కాకపోతే బ్యాంకు ఖాతా నడవదు, వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికినా చూపించడానికి కాగితం ఉండదు. ఈసారి పదకొండు మంది వస్తున్నారు.

కింది అంతస్తులో ఉండే మన ఇంటావిడ ఫ్రావ్ రోట్ లీజు జూన్‌తో అయిపోతుందని చెప్పింది. ఆమెకు పెద్ద వయసు వచ్చింది. విద్యార్థులు వస్తారు, పోతారు, ఎవరితో మాట్లాడాలో తెలియడం లేదట. స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్లు ఎవరైనా హామీ సంతకం చేస్తేనే కొత్త లీజు ఇస్తానంది. మేమంతా విద్యార్థులం, మా సంతకాలు ఆమెకు చాలవు. అందుకే పెద్ద సంస్థల దగ్గరికి పోతున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైన్-మైన్ తెలుగు మహాసమాఖ్య ఉంది, మ్యూనిక్‌లో ఆల్ప్స్ తెలుగు మహావేదిక ఉంది. ఎవరు సంతకం చేస్తే వాళ్లకు దండం పెడతాను. శాలువా కప్పుతానంటే వంగుతాను. వంగితే నాకు పోయేదేముంది?

కావ్యశ్రీ నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఇప్పుడు తనే కార్యదర్శి.

విక్రాంత్


గోథా
మే

విక్రాంత్‌కు,

పోయేదేముందని అడిగావు. ఏం పోయిందో చెప్తాను.

ఆదివారం తొత్లెబెన్ అనే పల్లెకు వెళ్లాను. ఇక్కడికి దగ్గరే. చర్చి, పొలాలు, ఎవరూ దిగని బస్టాపు. అంతే. ఎరెక్లెకు సాయంగా రష్యా మొదట పంపిన సేనాపతి ఈ ఊరివాడు, ఇంటిపేరు కూడా ఇదే. అంతకు ముందే రష్యాలో దేశద్రోహి అని ఇతనికి మరణశిక్ష వేసి, తర్వాత క్షమించారు. వాళ్లకు మిగిలిపోయిన మనిషిని చిన్న రాజ్యానికి సాయంగా పంపారు. 1770లో తుర్కుల కోటను ముట్టడించిన చోట ఎరెక్లెను వదిలేసి, ఫిరంగులతో సహా వెనక్కి నడిచాడు. పక్కనున్నవాడు యుద్ధం మధ్యలో వెళ్లిపోతే ఎరెక్లె ఒంటరిగా పోరాడి గెలిచాడు.

ఆ గెలుపు చూసుకునైనా తెలివి రావాలి. రాలేదు. పదమూడేళ్ల తర్వాత అదే రష్యాతో ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. వారసుడెవరైనా వాళ్లు ఒప్పుకుంటేనే రాజు. వాళ్లను అడగకుండా పక్క రాజ్యంతో వ్యవహారం నడపకూడదు. బదులుగా రెండు పటాలాలు, నాలుగు ఫిరంగులు. అవి వచ్చాయి. నాలుగేళ్లు తిరగకుండానే తుర్కులతో వాళ్లకు సొంత యుద్ధం వచ్చింది, వెళ్లిపోయాయి. ఒప్పందం మాత్రం ఉండిపోయింది, ఇరాన్‌కు కోపం తెప్పించడానికి.

నాకు ఇతని మీద జాలి లేదు. ఒకసారి వదిలేసి పోయినవాళ్లనే మళ్లీ పిలిచినవాణ్ని వీరుడు అనలేను. లక్ష్మణరావు గారు కరోనా రోజుల్లో మీ సంఘానికి బియ్యం పంపుతామని వేదిక మీద చెప్పి, ఫోటో దిగి, పంపలేదు. అది నువ్వే చెప్పావు. నీకు గుర్తుందా, లేక శాలువా వెచ్చదనానికి మరిచిపోయావా?

ఫర్హా


జీగెన్
జూన్ చివర

ఫర్హా అక్కకు,

సంతకం అయిపోయింది. చెప్పకపోతే కావ్యశ్రీ చెబుతుంది కాబట్టి నేనే చెబుతున్నాను.

మొన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో మహాసమాఖ్య సర్వసభ్య సమావేశం జరిగింది. ఒక పేజీ ఒప్పందం. జీగెన్ సంఘం మహాసమాఖ్యకు శాఖగా ఉంటుంది. మ్యూనిక్ వేదికలకు మేం వెళ్లం. కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్ ఆమోదించాలి. వాళ్ల వైపు నుంచి సకాలంలో లీజుకు హామీ సంతకం, సెప్టెంబర్‌లో పిల్లల్ని స్టేషన్ నుంచి తీసుకురావడానికి, ఆఫీసుల చుట్టూ తిప్పడానికి కారుతో సహా ఇద్దరు వాలంటీర్లు. ఫ్రావ్ రోట్‌కు ఆ పేజీ చూపించాను. అర్థం కాలేదు గానీ, స్టాంపు చూసి, సెప్టెంబర్ చివరిదాకా ఆగుతానంది.

పటాలాలు రెండు అని రాశావు కదా, మాకూ రెండే వచ్చాయి. నువ్వు నవ్వుతావని నాకు తెలుసు.

లక్ష్మణరావు గారు మైకు ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ కుర్రాడికి ఇకనుంచి మేం ఉన్నాం. ఏవయ్యా విక్రాంత్, ఇంక నిద్రపో హాయిగా" అన్నారు. హాలంతా చప్పట్లు. రెండు వందల మంది ఉంటారు. అక్కా, జీగెన్‌లో నేను మాట్లాడితే చప్పట్లు కొట్టేది ఎవరు? కావ్యశ్రీ కూడా ఆవలిస్తుంది.

ఈ రోజు నిజంగానే మధ్యాహ్నం నిద్రపోయాను.

విక్రాంత్


గోథా
జూలై

విక్రాంత్‌కు,

ఒకటే ప్రశ్న. "సకాలంలో" అనే మాట ఎవరు రాశారు? తేదీ ఎందుకు లేదు?

రష్యావాళ్లు కనీసం ఫిరంగులు ఎన్నో రాశారు.

మూడేళ్లు నువ్వు ఇంజనీరింగ్ చదివావు. బోల్టు ఎంత బిగించాలో అంకె లేకపోతే డ్రాయింగ్ వెనక్కి పంపుతావు. మనుషులు మైకు పట్టుకుంటే మాత్రం అంకె అడగవు. ఎరెక్లె దగ్గర కూడా ఇలాంటి తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు, ఫిరంగులు పోత పోయగలవాళ్లు. వాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి, ఎవరికీ అక్కర్లేదు.

నిద్ర బాగా పట్టిందా?

ఫర్హా


జీగెన్
ఆగస్టు చివర

ఫర్హా అక్కకు,

జూలైలో నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ సంతకం రాలేదు. మొదట సెలవులన్నారు. తర్వాత కోశాధికారి ఇండియా వెళ్లారన్నారు. ఇప్పుడు అక్టోబర్‌లో వాళ్ల మహాసభలు ఉన్నాయి, అవి అయ్యాక కూర్చుందాం అంటున్నారు. ఇద్దరు వాలంటీర్లు ఒక్క శనివారం వచ్చారు. ఫ్లాట్ బయట ఫోటో దిగారు. మహాసభల వేదిక పనులకు మనుషులు చాలడం లేదని వాళ్లనూ వెనక్కి పిలిచారు.

అంతకంటే పెద్దది ఇంకోటి. శాఖగా మారామని ఫేస్‌బుక్‌లో చూసి మ్యూనిక్ వాళ్లు మండిపడ్డారు. శశికాంత్ గారు నాకు ఫోన్ చేసి, "ఫిబ్రవరిలో మా శాలువా కప్పుకుంటివి, జూన్‌లో వాళ్ల కాగితం మీద సంతకం పెడితివి. మేమేమన్నా పిచ్చోళ్లమా భాయ్?" అన్నారు. వారం తిరగకముందే ఫ్రావ్ రోట్‌కు పేరు లేని మెయిల్ వచ్చింది. రెండు గదుల్లో పదకొండు మందిని పెట్టబోతున్నారు, ఇది హాస్టల్ వ్యాపారం అని, మంచి జర్మన్‌లో. ఎవరు రాశారో నేను రుజువు చేయలేను. కానీ పదకొండు అనే అంకె మేం మ్యూనిక్ వాళ్లకే చెప్పాం, ఫిబ్రవరిలో, సాయం అడిగినప్పుడు.

ఆమె అరవలేదు. కాఫీ ఇచ్చింది. తన కోపం పదకొండు మంది ఉన్నందుకు కాదట, తన ఇంటి సంగతి ముక్కూమొహం తెలియనివాళ్లు తనకు చెప్పినందుకట. సెప్టెంబర్ ఆఖరుకు హామీ సంతకం తన బల్ల మీద లేకపోతే తాళాలు ఇచ్చేయమంది.

కొత్త పిల్లల్లో నలుగురు అప్పుడే దిగిపోయారు. జగిత్యాల నుంచి వచ్చిన అక్షయ నిన్న అడిగింది, "అన్నా, నాకు ఈ అడ్రస్ ఎన్ని రోజులు ఉంటది?" అని. నీలాగా నేనూ చరిత్ర చదువుకుని ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ని.

విక్రాంత్


గోథా
సెప్టెంబర్ మొదటి వారం

విక్రాంత్‌కు,

చరిత్ర చదివినా చెప్పేది ఏమీ ఉండదు. ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

1795 సెప్టెంబర్‌లో ఇరాన్ పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ తిఫ్లిస్ మీదికి వచ్చాడు. అంతకు ముందే కబురు పంపాడు: రష్యాను వదిలెయ్, మళ్లీ మావాడివి అవు, నీ రాజ్యం నీకే. ఎరెక్లె ఒప్పుకోలేదు. రష్యా సేనాపతికి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. సేనాపతి కొండలకు అవతలే ఉన్నాడు. ఎరెక్లెకు డెబ్బై ఐదేళ్లు, అయినా గుర్రమెక్కాడు. ఊరి బయట క్రత్సానిసీ దగ్గర ఓడిపోయాడు, మనవడు చెయ్యి పట్టి లాక్కుపోతే బతికాడు. ఊరు తగలబెట్టారు. వేలమందిని బందీలుగా తోలుకుపోయారు. రష్యా సైన్యం ఆ తర్వాతి ఏడాది వచ్చింది, అప్పటికి కాపాడడానికి ఊరు లేదు. ఇంకో ఐదేళ్లకు రాజ్యమే లేదు, రష్యాలో ఒక జిల్లా.

నీకు ఏప్రిల్‌లో చెప్పాను. మేలో చెప్పాను. జూలైలో ఒక్క ప్రశ్నే అడిగాను. ఇద్దరు పెద్దవాళ్లకు భుజాలు ఇచ్చినవాడికి మూడోవాడు వచ్చి తల నిలబెట్టడు. ఆ పిల్లకు నిజం చెప్పు: అడ్రస్ సెప్టెంబర్ ఆఖరుదాకా, ఆ తర్వాత మా అధ్యక్షుడి ఫోటోలు చూసుకోవచ్చు అని.

ఫర్హా


జీగెన్
సెప్టెంబర్ రెండో వారం

ఫర్హా అక్కకు,

నీ ఉత్తరం కావ్యశ్రీకి చూపించాను. చదివి మడిచి ఇచ్చింది. "ఈమె ఎప్పుడూ గెలిచే పక్కనే ఉంటదన్నా, ఎందుకంటే జరిగిపోయినంకనే వస్తది" అంది.

శనివారం లక్ష్మణరావు గారు వచ్చారు. సంతకం కోసం కాదు, మహాసభల పుస్తకానికి ఫోటో కోసం. "మన జీగెన్ శాఖ విద్యార్థి నిలయం" అని బ్యానర్ కట్టించారు. ఫోటోగ్రాఫర్ ఉన్నాడు, కొత్త శాలువా ఉంది, ఈసారి కావ్యశ్రీకి కప్పాలని. అప్పటికి ఏడుగురు పిల్లలు దిగి ఉన్నారు. వాళ్లను గోడకు వరసగా నిలబెట్టారు. కావ్యశ్రీ ముందు హామీ కాగితం, పెన్ను బల్ల మీద పెట్టింది.

"సార్, ముందు ఇది, తర్వాత అది" అంది.

ఆయన నవ్వి, అధికార ముద్ర లేకుండా సంతకం చెల్లదు, ముద్ర ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది అన్నారు. శాలువా విప్పారు. కావ్యశ్రీ ఆయన చేతుల్లోంచి దాన్ని తీసుకుని, ఆయనకే కప్పింది. నెమ్మదిగా, మర్యాదగా, అంచులు సరిచేసి మరీ. "మా సంఘం తరఫున మీకు సన్మానం. ఇక మీరు మావాళ్లు" అంది. ఫోటోగ్రాఫర్ అలవాటుగా నొక్కేశాడు. అక్షయ చప్పట్లు కొట్టింది, మిగతావాళ్లూ కొట్టారు. ఆయన శాలువా తీసి కుర్చీ మీద పడేసి వెళ్లిపోయారు. బ్యానర్ మర్చిపోయారు. ఒప్పందం రద్దయిందని సోమవారం మెయిల్ వచ్చింది.

నీ జార్జియా కథలో ఇలాంటి ఆడవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. ఏప్రిల్‌లో ఫ్రావ్ రోట్ హామీ అడిగిన రోజే ఇంకో మాట అంది. "పెద్ద సంస్థలు నాకెందుకు? పైన రెండేళ్లు ఉన్న ఫర్హా సంతకం చేస్తే చాలు. నాకు తుంటి విరిగినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే" అని. అదే వారం నీ ఉత్తరం వచ్చింది. మూడేళ్ల కాంట్రాక్టు, నెల నెలా జీతం. అదే కాగితం మీద కింద, నీకు ఎన్ని భుజాలు అని.

ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను, తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఫోన్ చేశాను. నువ్వు సంతకం చేసేదానివే. అందులో నాకు అనుమానం లేదు. కానీ చేశాక, ఈ ఫ్లాట్‌లో కుళాయి కారినా నువ్వు నాకు ఎరెక్లె సంగతి చెబుతావు. లక్ష్మణరావు గారి దగ్గర నేను ఒక్కసారి వంగితే చాలనుకున్నాను. నీ దగ్గర రోజూ వంగాలి. నీ వెక్కిరింత వాళ్ల షరతుల కంటే ఖరీదనిపించింది.

తప్పు నాదే, తాళాలు నేనే ఇస్తాను. ఇది సాయం అడిగే ఉత్తరం కాదు.

విక్రాంత్


గోథా
సెప్టెంబర్ మూడో వారం

విక్రాంత్‌కు,

ఉన్నారు. ఎరెక్లె కోడలు, రాణి మరియం. రాజ్యం పోయాక ఆమెను ప్రవాసానికి తీసుకెళ్లడానికి రష్యా సేనాపతి ఒకడు ఆమె గదిలోకే వచ్చాడు. కత్తితో పొడిచి చంపింది. కావ్యశ్రీ పద్ధతి మెరుగ్గా ఉంది. ఆమెకు చెప్పు.

నా పుస్తకంలో తిఫ్లిస్ అధ్యాయానికి పేరు "రానివాళ్లు". రష్యా ఎందుకు రాలేదో ముప్పై పేజీలు రాశాను. నీ ఉత్తరం చదివాక ఆ అధ్యాయం మళ్లీ తీశాను. అందులో పేజీ అడుగున ఒక గమనిక ఉంది, చిన్న అక్షరాల్లో, నేను రాసిందే: యువరాజు గియోర్గి ఆ సమయంలో కఖేతిలో ఉన్నాడు. తండ్రి సైన్యం తెమ్మని కబురు పంపాడు. రాలేదు.

రష్యా కొండలకు అవతల ఉంది. కఖేతి పక్కనే, కొడుకు అక్కడే ఉన్నాడు. అతన్ని గమనికలోకి నెట్టి, రాజును పైన పేజీలో ఉతికాను. అతనెందుకు రాలేదో ఎవరికీ సరిగ్గా తెలియదు. ముసలాయన తప్పులు లెక్కపెడుతూ కూర్చున్నాడేమో.

శుక్రవారం పగటి రైలుకు వస్తున్నాను. జీతం స్లిప్పులు మూడు, కాంట్రాక్టు నకలు, పాస్‌పోర్టు తెస్తున్నాను. ఫ్రావ్ రోట్‌కు ఫోన్ చేశాను, నా గొంతు గుర్తుపట్టింది. ఆమె బల్ల దగ్గర సంతకం చేసి, కాఫీ తాగి, అదే సాయంత్రం వెనక్కి. షరతులు లేవు. కుళాయి సంగతి నువ్వూ ఇంటావిడా చూసుకోండి.

ఎరెక్లె మీద నా అభిప్రాయం మారలేదు. నీ మీద కూడా పెద్దగా మారలేదు. అది ఇక రాసి పంపను.

ఫర్హా


జీగెన్
బుధవారం, పోస్టు కార్డు

ఫర్హా అక్కకు,

స్టేషన్‌కు కావ్యశ్రీ వస్తుంది. పదకొండో వాడు ఇవాళ దిగాడు. నీకు కప్పడానికి శాలువాలు లేవు. మూడూ పిల్లలు కింద పరుచుకున్నారు. జరీ గుచ్చుకుంటోందట.

విక్రాంత్